బర్రెల కొట్టం కడిగిన నీళ్లలో నత్రజని: బొగ్గుతో పట్టుకోవచ్చా?

విభాగం: నేల, నీరు, ఎరువులు

#1 బర్లకొట్టం (సూర్యాపేట జిల్లా) | జూన్ 3

అందరికీ నమస్తే. నాకు 12 బర్రెలు, ఆరెకరాల పొలం ఉన్నాయి. నాలుగెకరాలు వరి, రెండెకరాలు పత్తి. రోజూ రెండు పూటలా కొట్టం కడిగితే 800 లీటర్ల దాకా నీళ్లు పోతయ్. అవన్నీ మోరీ వెంట పోయి పక్క రైతు కల్లం దగ్గర మడుగు కడుతున్నాయి. దోమలు, కంపు. ఆయన రెండుసార్లు మర్యాదగా చెప్పిండు. మూడోసారి అంత మర్యాదగా లేదు.

ఈమధ్య ఒక వీడియో చూశాను. బయోచార్ అంటే గాలి తగలకుండా కాల్చిన బొగ్గు, అది మురికి నీళ్లలో పోషకాలన్నీ పీల్చుకుంటదట. ఆ బొగ్గు పొలంలో చల్లితే యూరియా కొనే పనే ఉండదట. పత్తి కట్టె ఎట్లాగూ ప్రతి ఏడు తగలబెడుతున్నాం. ఆ కట్టెనే బొగ్గు చేసి, రెండు డ్రమ్ముల్లో నింపి, మోరీ నీళ్లు అందులో నుంచి పంపితే ఎలా ఉంటది? ఎవరైనా చేసి చూశారా? అసలు ఎంత బొగ్గు కావాలి?

#2 ఊకబొగ్గు (మిర్యాలగూడ) | జూన్ 3

అన్నా, మా మిల్లులో నల్ల ఊక గుట్టలుగా పడి ఉంది. బాయిలర్‌లో సగం కాలి బయటికొచ్చే సరుకు. తీసుకుపోయేవాడు దొరికితే మా సేటు చాయ్ కూడా తాగిస్తాడు. అది పనికొస్తే చెప్పండి, పత్తి కట్టె కాల్చే బాధ ఎందుకు.

నేను రాసేది ఊకదంపుడు అనుకోకండి. నిజంగానే ఊక సంగతి.

#3 రసాయనం_మాస్టారు | జూన్ 4

ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. చాదస్తం కాస్త భరించండి.

ఆ వీడియోలో "పోషకాలన్నీ" అన్నారే, గొడవంతా ఆ మాటలోనే ఉంది. బొగ్గు ఉపరితలం మామూలుగా రుణావేశంతో ఉంటుంది. అమ్మోనియం ధనావేశం కాబట్టి కొంతవరకు అతుక్కుంటుంది. పొటాషియం కూడా అంతే. కానీ నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ రుణావేశాలే. అయస్కాంతం ఒకే కొసలు ఎదురెదురు పెడితే ఏమవుతుంది? అలాగే పక్కకి జారిపోతాయి. బొగ్గులో ఫాస్ఫేట్ నిలవాలంటే దాంట్లో కాల్షియమో మెగ్నీషియమో ఇనుమో ఉండాలి.

ఇంకో సంగతి. తాజా మూత్రంలో నత్రజని ఎక్కువగా యూరియా రూపంలోనే ఉంటుంది. మీరు బస్తాల్లో కొనే ఆ యూరియానే. దానికి ఏ ఆవేశమూ లేదు, బొగ్గుకి పెద్దగా చిక్కదు. పేడలోని సూక్ష్మజీవుల యూరియేజ్ ఎంజైమ్ తగిలాక అది అమ్మోనియాగా మారుతుంది. నీళ్లలో కరిగినంత వరకు దాంట్లో చాలా వాటా అమ్మోనియం రూపంలో ఉంటుంది, మిగతాది గాల్లోకి లేస్తుంది. కొట్టంలో ముక్కు మండేది అప్పుడే. అంటే ఆ కంపు మీ ఎరువు గాల్లోకి పోతున్న వాసన.

కాల్చే వేడి కూడా ముఖ్యమే. 350-450 డిగ్రీల దగ్గర ఆపిన బొగ్గులో ఆక్సిజన్ ఉన్న సమూహాలు ఎక్కువ మిగులుతాయి, అమ్మోనియం పట్టడానికి అది మేలు. 600 దాటితే రంధ్రాలు పెరుగుతాయి, రంగులూ మందుల అవశేషాలూ పట్టడానికి బాగుంటుంది. కానీ క్షారం ఎక్కువవుతుంది, అమ్మోనియంపై పట్టు తగ్గుతుంది. ఊకబొగ్గు గారూ, మీ నల్ల ఊకలో చాలాభాగం సిలికా. పేడ పీచు వడకట్టడానికి భేషుగ్గా ఉంటుంది, నత్రజని విషయంలో మాత్రం దానిమీద ఆశ పెట్టుకోకండి.

#4 లక్ష్మి_మిద్దెతోట (విజయవాడ) | జూన్ 4

నా అనుభవం ఒకటి చెప్తాను. పోయినేడు ఆన్‌లైన్‌లో ఐదు కిలోల బయోచార్ తెప్పించి, ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదనుకుని కుండీల్లో మూడోవంతు కలిపేశాను. పదిహేను రోజుల్లో వంగ, టమాటా మొక్కలు పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపు రంగుకి తిరిగాయి. అమ్మినవాళ్లని అడిగితే "నీళ్లు తక్కువ పోస్తున్నారేమో" అన్నారు. ఎంత టెన్షన్ పడ్డానో! ఎవరో చెబితే మిగిలిన బొగ్గుని వర్మీకంపోస్ట్ కషాయంలో రెండు వారాలు నానబెట్టి వాడాను. అప్పుడు బాగానే ఉంది.

#5 రసాయనం_మాస్టారు | జూన్ 4

లక్ష్మి గారూ, ఖాళీ బొగ్గు మట్టిలో పడితే ముందు తన ఆకలి తీర్చుకుంటుంది. అమ్మోనియాన్ని పట్టుకుంటుంది, దానిలోని తేలికపాటి కర్బనాన్ని తినే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, పైగా బూడిద క్షారం. మొక్కకి మిగిలేది తక్కువ. మీరు తర్వాత చేసింది సరైన పద్ధతి. బర్లకొట్టం గారు అడుగుతున్నదీ అదే కదా, కషాయం బదులు కొట్టం నీళ్లు.

#6 ఎస్టీపీ_శ్రీను (హైదరాబాద్) | జూన్ 5

నేను నగరంలో మురుగుశుద్ధి ప్లాంట్లలో పనిచేశాను. ఇదే ప్రశ్న మా పై ఇంజినీర్లని అడిగి తిట్లు తిన్నాను కాబట్టి లెక్క బాగా గుర్తుంది.

అంబర్‌పేట ప్లాంట్ సామర్థ్యం 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకి 33.9 కోట్ల లీటర్లు. ఇళ్ల మురుగులో లీటరుకి 40 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకోండి, మామూలుగా ఉండేది ఆ చుట్టుపక్కలే. రోజుకి పదమూడున్నర టన్నులు అవుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన 20.7 కిలోల నత్రజని. భాగిస్తే రోజుకి 650 బస్తాలు! వినగానే నోరూరుతుంది.

ఇప్పుడు రెండో సగం. మామూలు బొగ్గు గ్రాముకి కొన్ని మిల్లీగ్రాముల అమ్మోనియం మాత్రమే పడుతుంది. ఐదు అనుకుందాం, ఉదారంగానే. పదమూడున్నర టన్నులు పట్టాలంటే రోజుకి 2,700 టన్నుల బొగ్గు. పది టన్నుల లారీలు 270. రావడానికి 270, పోవడానికి 270. అంబర్‌పేట ట్రాఫిక్‌లో.

అందుకే ఇంత పలచటి నీళ్ల దగ్గర నత్రజని కోసం బొగ్గు పెట్టడం కుదరదు. మురుగు శుద్ధి చేశాక మిగిలే బురదని గాలి లేకుండా పులియబెట్టాక పిండితే వచ్చే నీళ్లున్నాయే, అందులో లీటరుకి 500 నుంచి 1,500 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పట్టుకుంటే అక్కడ పట్టుకోవాలి.

ఇంకో మాట. మూసీ కింద పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు ఏళ్ల తరబడి ఆ నీళ్లతోనే పారా గడ్డి పెంచి నగరంలో బర్రెలకి అమ్ముతున్నారు. ఏ రియాక్టరూ లేకుండా పోషకాలు గడ్డిలోకి, గడ్డి నుంచి పాలలోకి పోతున్నాయి. నీళ్లలో ఇంకేమేం పోతున్నాయన్నది వేరే చర్చ. వరి వేసిన వాళ్లు మాత్రం నత్రజని ఎక్కువై పైరు ఏపుగా పెరిగి పడిపోతోందని మొత్తుకుంటారు.

#7 హాంబర్గ్_వాణి | జూన్ 5

శ్రీను గారి లెక్క చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నేను జర్మనీలో ఇదే రంగంలో ఉన్నాను. ఇక్కడ నత్రజని కంటే ఫాస్ఫరస్ మీద పట్టింపు ఎక్కువ. నత్రజనిని గాల్లోంచి తయారు చేసుకోవచ్చు, ఫాస్ఫరస్‌కి గనే దిక్కు. ప్రపంచంలో ఉన్న ఫాస్ఫేట్ రాయి నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలోనే ఉంది. 2017లో జర్మనీ తెచ్చిన మురుగు బురద చట్టం ప్రకారం 2029 నుంచి లక్ష మందికి పైబడిన ప్లాంట్లు ఫాస్ఫరస్‌ని తిరిగి తీయాల్సిందే. 50 వేలు దాటినవాటికి గడువు 2032.

నేనుండే ఊరికీ మూత్రానికీ విచిత్రమైన బంధం ఉంది. 1669లో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం చేద్దామని మూత్రం మరిగించి మరిగించి ఫాస్ఫరస్ కనిపెట్టింది ఇక్కడే. 1845లో ఒక చర్చి పునాది తవ్వుతుంటే పాత పెంటలో స్ఫటికాలు దొరికాయి, వాటికి స్ట్రువైట్ అని పేరు పెట్టారు. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ మూడూ కలిసిన ఉప్పు అది. ఇప్పుడు మురుగు నుంచి ఎరువుగా తీసేవాటిలో ముఖ్యమైనది అదే. పీహెచ్ ఎనిమిదిన్నర, తొమ్మిది దగ్గర మెగ్నీషియం కలిపితే అడుగుకి దిగుతుంది. బరువులో దాదాపు 29 శాతం భాస్వరం (ఎరువు సంచి మీద రాసే లెక్కలో), నత్రజని 5.7 శాతం. బొగ్గుతో పోలిస్తే ఎంత చిక్కటి సరుకో చూడండి.

అయితే బర్లకొట్టం గారి నీళ్లతో స్ట్రువైట్ చేయమని నేను అనను. పశువుల మూత్రంలో ఫాస్ఫరస్ చాలా తక్కువ, అది పేడలో పోతుంది.

#8 భీమవరం_చెరువు | జూన్ 6

అయ్యా, మేం రొయ్యల చెరువుల్లో అమ్మోనియా పెరిగితే దాన్ని పట్టుకునే జియోలైట్ అనే ఖనిజం బస్తాలు వేస్తాం. ఇదీ అదే పని కదండీ? ఉప్పునీళ్లలో అది సరిగ్గా పనిచేయదని కొన్ని బస్తాలు తగలేశాక అర్థమైంది. నీళ్లలో సోడియం కూడా ధనావేశమేనట, అమ్మోనియం కంటే ముందు వెళ్లి కూర్చుంటుందట. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే బొగ్గుకీ అదే గతి. పైగా ఆ ఉప్పంతా పొలంలోకి మోసుకుపోతారు.

మీ నీళ్లలో ఎంతుందో కొలవకుండా ఈ లెక్కలన్నీ గాల్లోవే. ఆక్వా షాపుల్లో అమ్మోనియా టెస్ట్ కిట్ దొరుకుతుంది. చుక్కలేసి రంగు చూడటమే. మీ నీళ్లు చిక్కగా ఉంటాయి కాబట్టి వంద రెట్లు పలచన చేసి చూడండి.

#9 బర్లకొట్టం | జూన్ 14

భీమవరం అన్నా, కోదాడలో కిట్ దొరికింది. షాపాయన "ఎన్ని ఎకరాల చెరువు?" అని అడిగిండు. బర్రెల కొట్టం అంటే వింతగా చూసిండు.

కొట్టం నీళ్లు 10 మిల్లీలీటర్లు తీసుకుని బోరు నీళ్లు కలిపి లీటరు చేసి చూస్తే రంగు 3 దగ్గరికి వచ్చింది. వంద రెట్లు కాబట్టి లీటరుకి 300 మిల్లీగ్రాములు. వట్టి బోరు నీళ్లు కూడా చూశాను, రంగు రాలేదు.

తర్వాత పది లీటర్ల బకెట్‌లో అర కిలో పత్తి కట్టె బొగ్గు (నలగ్గొట్టి, కడిగి) వేసి రాత్రంతా ఉంచాను. పొద్దున 180 అయింది. తగ్గింది! కానీ ఇది మంచి ఫలితమా కాదా తెలుస్తలేదు.

#10 రసాయనం_మాస్టారు | జూన్ 14

శభాష్! ఇన్నేళ్లలో మా పిల్లల్లో సగం మంది ఇంత శ్రద్ధగా ప్రాక్టికల్ చేయలేదు. వట్టి బోరు నీళ్లు కూడా చూశానన్నారే, అక్కడే మీకు పూర్తి మార్కులు.

లెక్క చూద్దాం. లీటరుకి 120 మిల్లీగ్రాములు తగ్గింది, పది లీటర్లకి 1,200. అర కిలో బొగ్గు కాబట్టి గ్రాముకి 2.4 మిల్లీగ్రాములు. మీ 800 లీటర్లలో రోజుకి 240 గ్రాముల నత్రజని. దాన్నంతా పట్టాలంటే రోజుకి 100 కిలోల బొగ్గు, ఏడాదికి 36 టన్నులు. మీ రెండెకరాల పత్తి కట్టె రెండు టన్నులనుకుంటే బొగ్గు నాలుగోవంతు, అంటే 500 కిలోలు. ఐదు రోజులకి సరి.

ఇక లాభం సంగతి. రోజుకి 240 గ్రాములంటే ఏడాదికి 88 కిలోలు. నాలుగు బస్తాల యూరియా చిల్లర. బస్తా 266 రూపాయల 50 పైసలు. మొత్తం 1,130 రూపాయలు. కిట్ యూరియాని చూపించదు కాబట్టి అసలు నత్రజని ఇంతకంటే ఎక్కువే ఉండొచ్చు, రెట్టింపే అనుకోండి. అయినా అంతే.

#11 ఊకబొగ్గు | జూన్ 14

36 టన్నుల బొగ్గు కాల్చి 1,130 రూపాయలా! కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

#12 బర్లకొట్టం | జూన్ 15

ధర సంగతి పక్కన పెట్టు తమ్మీ. 2025 వానాకాలంలో యూరియా కోసం తెల్లారుజామున పోయి క్యూలో చెప్పులు పెట్టి వచ్చిన. రెండు బస్తాలు దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల కూలి ఎవరు లెక్క కడతరు? 266 అనేది కాగితం మీద ధర.

కానీ 36 టన్నులు మాత్రం నావల్ల కాదు. డ్రమ్ముల ఆలోచన వదిలేస్తున్న.

#13 హాంబర్గ్_వాణి | జూన్ 15

వదిలేయకండి, చోటు మార్చండి.

మీరు చేస్తున్నదేంటంటే, చిక్కటి మూత్రంలో వందల లీటర్ల నీళ్లు కలిపి పలచన చేసి, ఆ తర్వాత దాంట్లోంచి నత్రజనిని ఏరుకోవడం. నీళ్లు కలవకముందే పట్టుకుంటే? పశువుల మూత్రంలో లీటరుకి 5 నుంచి 10 గ్రాముల నత్రజని ఉంటుంది. మీ మోరీ నీళ్ల కంటే పదిహేడు నుంచి ముప్ఫై మూడు రెట్లు చిక్కన. స్విట్జర్లాండ్‌లో, ఇక్కడా కొంతమంది పాడి రైతులు బొగ్గుని కొట్టంలో పశువుల కింద పరుపులో కలిపేస్తారు. అక్కడ అతుక్కునేది మాత్రమే కాదు, బొగ్గు స్పాంజిలా మూత్రాన్నే పీల్చుకుని కూర్చుంటుంది. తర్వాత అదంతా పెంటలోకి పోతుంది.

#14 బర్లకొట్టం | జూన్ 15

మేడం, పొదుగుకి బొగ్గు అంటుకుంటే? పాలు నల్లగా వస్తే డెయిరీ వాళ్లు క్యాన్ నా మొహాన కొడతరు.

#15 భీమవరం_చెరువు | జూన్ 15

పడుకునే చోట వద్దండి. వెనక మూత్రం కాలువ ఉంటుంది కదా, అక్కడ గోనెసంచుల్లో నింపి పరచండి. మూత్రం సంచి మీద పడి లోపలికి ఇంకుతుంది, బొగ్గు బయటికి రాదు. మేం చెరువు ఏరేటర్ల దగ్గర ఇలాంటి సంచుల పనులు చాలా చేస్తాం లెండి.

#16 రసాయనం_మాస్టారు | జూన్ 16

వాణి గారి మాట, భీమవరం గారి సంచి రెండూ కలిస్తే కుదిరినట్టే. నాదొక చేర్పు. బొగ్గు క్షారం, కుళ్లిన మూత్రం ఇంకా క్షారం. పీహెచ్ 9 దాటాక అమ్మోనియంలో పెద్ద వాటా అమ్మోనియా వాయువుగా మారి ఎగిరిపోతుంది. అందుకని ప్రతి సంచిలో రెండు గుప్పిళ్లు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలపండి. దానికి కొంత ఆమ్ల గుణం ఉంది, జిప్సం కూడా ఉంది, అమ్మోనియాని పట్టి ఉంచుతుంది. పేడకుప్ప మీద సూపర్ చల్లమని పాతకాలం వ్యవసాయాధికారులు చెప్పేవారు, గుర్తుందా? ఇదే కారణం. సున్నం మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఫాస్ఫేట్‌కి మంచిదే కానీ ఉన్న నత్రజనిని తరిమేస్తుంది.

ఇంకా పెద్ద మాట ఒకటి. పొలంలో పైరు ఉండి తడి అవసరమైన రోజుల్లో కొట్టం నీళ్లకి బొగ్గు ఎందుకండీ? నేరుగా పారించండి! బొగ్గు అవసరం పడేది వానాకాలంలో, నీళ్లు పారించడానికి చోటు లేనప్పుడు. మిగతా ఎనిమిది నెలలు ఒక గుంత, ఒక చిన్న మోటారు, గడ్డి మడి చాలు.

#17 అగ్రి_పిల్లోడు (బాపట్ల) | జూన్ 17

ఎమ్మెస్సీ చదువుతున్నాను. కట్టెను కాల్చేముందు మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో నానబెడితే మెగ్నీషియం ఆక్సైడ్ బొగ్గు మీద పూతలా పట్టి ఫాస్ఫేట్ పట్టే శక్తి చాలా పెరుగుతుంది. అంకుల్ అది ట్రై చేయొచ్చు కదా?

#18 రసాయనం_మాస్టారు | జూన్ 17

బాబూ, చదివింది నిజమే, చేసే చోటు వేరు. ఆ ఉప్పు వేడికి విడిపోయేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది. ప్రయోగశాలలో ఆ ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉంటుంది, పొలం గట్టు మీద ఉండదు. ఇనుప డ్రమ్ము తినేస్తుంది, ఊపిరితిత్తులు కూడా. పోనీ సల్ఫేట్ వాడదామంటే అది వెయ్యి డిగ్రీలు దాటితే గానీ విడిపోదు. అయినా వాణి గారు చెప్పారు కదా, మూత్రంలో ఫాస్ఫరస్సే తక్కువని. లేనిదాన్ని పట్టడానికి వల ఎందుకు?

#19 ఊకబొగ్గు | జూన్ 17

బొగ్గు కాల్చడం ఎట్లాగో కూడా ఎవరన్నా చెప్పండి. మా బావమరిది పోయినసారి చేస్తే పొద్దున్నే చూసేసరికి మొత్తం బూడిద.

#20 ఎస్టీపీ_శ్రీను | జూన్ 18

ఆర్పకుండా పడుకుంటే బూడిదే మరి. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రీడా (CRIDA, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్లు పత్తి, ఆముదం, మొక్కజొన్న కట్టెల కోసం డ్రమ్ము బట్టీ ఒకటి రూపొందించారు. మామూలు 200 లీటర్ల డ్రమ్ముకి అడుగున, పైన రంధ్రాలు. డ్రమ్ము లేకపోతే శంకు ఆకారంలో గుంత తీసినా సరే. కింద మంట పెట్టి, కట్టె కొంచెం కొంచెంగా వేస్తూ పోవాలి. పైన మంట ఆడుతుంటే కింద బొగ్గుకి గాలి అందదు. తెల్లబూడిద కనబడగానే కొత్త కట్టె. చివర్లో నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి. "ఆరినట్టుంది" అంటే చాలదు, చేయి పెట్టగలగాలి. తెల్లటి చిక్కని పొగ వస్తే కట్టె పచ్చిగా ఉందని అర్థం, ఆ పొగలో మంచి పదార్థాలేమీ ఉండవు.

#21 ఓరుగల్లు_రవి | జూన్ 19

పశువుల సంగతి సరే. మనుషుల సెప్టిక్ ట్యాంకు బండ్లు ఊరి చివర పొలాల్లో వదులుతున్నారు. దాన్ని ఇలా చేయలేమా? మా వరంగల్‌లోనూ, పశ్చిమగోదావరి నరసాపురంలోనూ మలబురదని ఆరబెట్టి గాలి తక్కువలో కాల్చి బొగ్గు చేసే ప్లాంట్లు పెట్టారు కదా.

#22 హాంబర్గ్_వాణి | జూన్ 19

రవి గారూ, అది తిరగేసిన పద్ధతి. ఇక్కడ కట్టె బొగ్గుతో నీళ్లలో పోషకాలు పడుతున్నాం, అక్కడ బురదనే బొగ్గు చేస్తున్నారు. ఆ వేడికి క్రిములు, నులిపురుగుల గుడ్లు చస్తాయి, మందుల అవశేషాలు చాలావరకు పోతాయి. ఫాస్ఫరస్ ఎక్కువభాగం బొగ్గులోనే మిగులుతుంది, నత్రజని మాత్రం చాలా పోతుంది. చిక్కేంటంటే సీసం, క్రోమియం, జింకు లాంటి లోహాలు కాలవు. బరువు తగ్గేకొద్దీ చిక్కబడతాయి. ఇళ్ల సెప్టిక్ ట్యాంకులదైతే భయం తక్కువ. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే నగరపు బురదతో జాగ్రత్త. యూరోపియన్ యూనియన్ ఎరువుల నిబంధనల్లో మురుగు నుంచి తీసిన స్ట్రువైట్‌కి చోటిచ్చారు, మురుగు బురద బొగ్గుకి ఇవ్వలేదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రమైతే పొలాల్లో పీఎఫ్ఏఎస్ అనే, ఎన్నేళ్లకీ విడిపోని రసాయనాలు తేలాక 2022లో బురద చల్లడాన్నే నిషేధించింది.

పచ్చి మలబురద నీళ్లని మాత్రం బొగ్గుతో వడకట్టేసి కూరగాయలకి పోయొద్దు. బొగ్గు అమ్మోనియం పడుతుంది, క్రిముల్ని నమ్మకంగా ఆపలేదు.

#23 నిర్వాహకుడు | జూన్ 20

గోమూత్రం ఔషధ గుణాల మీద వచ్చిన 14 వ్యాఖ్యలు వేరే విభాగానికి మార్చాను. ఇక్కడ బర్రెల గురించే మాట్లాడుకుందాం.

#24 బర్లకొట్టం | నవంబర్ 9

ఐదు నెలలయింది. అడిగినవాళ్లకి, అడగనివాళ్లకి కూడా లెక్క చెప్పాలి కదా.

జూన్‌లో పత్తి కట్టె కాల్చి 500 కిలోల దాకా బొగ్గు తీసిన. మొదటి బట్టీ బూడిదే అయింది, శ్రీను అన్న మాట వినలేదు. జులై నుంచి అక్టోబర్ దాకా మూత్రం కాలువలో సంచులు పరిచాను. మూడు రోజులకోసారి 12 కిలోలు మార్చడం. తీసిన బొగ్గు పేడతో కలిపి కుప్ప వేసి పైన తాటాకులు కప్పిన.

బాగున్నవి: కొట్టంలో ముక్కు మండుడు బాగా తగ్గింది. పాలు పితికేటప్పుడు మా ఆవిడ ముక్కుకి కొంగు కట్టుకునేది, ఇప్పుడు కట్టుకుంటలేదు. పొదుగులకి ఏమీ కాలేదు. డెయిరీ వాళ్లు ఏమీ అనలేదు.

బాగోలేనివి: మొదటి నెల పేడ పీచు పట్టి సంచులు జామ్ అయినయ్, మూత్రం పైనుంచే జారిపోయింది. ఊకబొగ్గు తమ్ముడు పంపిన నల్ల ఊక సంచుల ముందు ఒక వరుస పెట్టినంక ఆ బాధ తగ్గింది. అది రెండు వారాలకోసారి మార్చాలి. గోనెసంచులు రెండు నెలలకే కుళ్లిపోయినయ్, తర్వాత ఉల్లిగడ్డల జాలీ సంచులు వాడిన.

మాస్టారు ఫోన్‌లో చెప్పినట్టు వాడిన బొగ్గు 10 గ్రాములు లీటరు ఉప్పునీళ్లలో ఒక రోజు ఉంచి, ఆ నీళ్లు ముప్ఫై రెట్లు పలచన చేసి కిట్‌తో చూశాను. 3 వచ్చింది. అంటే గ్రాముకి 9 మిల్లీగ్రాములు. బకెట్‌లో 2.4 వచ్చిన బొగ్గే ఇది.

ఇప్పుడు నవ్వండి. 480 కిలోల బొగ్గుకి, కిలోకి 9 గ్రాముల చొప్పున నాలుగు కిలోల మూడు వందల గ్రాముల నత్రజని. యూరియా బస్తాలో ఐదో వంతు.

#25 ఊకబొగ్గు | నవంబర్ 9

నాలుగు నెలలకి ఐదో వంతు బస్తా! అన్నా, నీ ఓపికకి దండం.

#26 బర్లకొట్టం | నవంబర్ 9

ఆగు తమ్మీ, అసలు లాభం వేరే ఉంది. మాస్టారు చెప్పిన గుంత తవ్విన. వానలు తగ్గినప్పటి నుంచి కొట్టం నీళ్లన్నీ అర ఎకరం సూపర్ నేపియర్ గడ్డికి పెడుతున్నా. ఆ గడ్డికి ఈ ఏడు యూరియా వేయలేదు. మోరీలోకి ఒక్క చుక్క పోతలేదు. పక్కాయన కల్లం ఆరిపోయింది. బొగ్గు ఆ వాన నెలల్లో కంపు ఆపింది, అంతే. అయితే ఆ బొగ్గు పెంట యాసంగికి పది గుంటల్లో వేసి, పక్కన పది గుంటలు మామూలు పెంటతో పెడతా. తేడా అప్పుడు చెప్తా, ఇప్పుడేమీ అనను.

#27 రసాయనం_మాస్టారు | నవంబర్ 10

రెండు మడుల్లోనూ పెంట ఒకే తూకం వేయండి. కంటితో చూసి "ఇక్కడ పచ్చగా ఉంది" అంటే నేను ఒప్పుకోను. వడ్లు తూకం వేయాల్సిందే. ఉప్పునీళ్లతో వచ్చిన 9లో కొంత బొగ్గు రంధ్రాల్లో ఇరుక్కున్న మూత్రం, కొంత అతుక్కున్నది. వానకి మొదటిది కొట్టుకుపోతుంది, రెండోది నిలుస్తుంది. కుదిరితే ఒకసారి వట్టి నీళ్లతో కడిగాక ఎంతుందో కూడా చూడండి.

#28 లక్ష్మి_మిద్దెతోట | నవంబర్ 10

బర్లకొట్టం గారూ, ఆ బొగ్గు పెంట ఒక పది కిలోలు విజయవాడ పంపే దారి ఉందా? బస్సు పార్సిల్‌లో వాసన వస్తుందంటారా?

#29 బర్లకొట్టం | నవంబర్ 11

వాసన లేదు మేడం, బస్సోళ్లు ఒప్పుకుంటే పంపుతా. తమ్మీ ఊకబొగ్గూ, నల్ల ఊక ఇంకో ఇరవై సంచులు కావాలి, ఉందా?

#30 ఊకబొగ్గు | నవంబర్ 11

గుట్ట ఉంది. గురువారం ట్రాక్టర్ కోదాడ వైపు వస్తోంది, మీ ఊరి అడ్డరోడ్డు దగ్గర దింపుతాడు. కిరాయి మీదే. పోయినసారి ఇచ్చిన ఖాళీ సంచులు తెచ్చివ్వండి, సేటు రోజూ అడుగుతున్నాడు.